ముందు ఖర్చుల పద్దు, తర్వాతే కార్డు

(అనంతపురంలో ఒక ఆదివారం సాయంత్రం ఉద్యోగులు, గృహిణులు, రిటైరైనవాళ్లు కలిసి కూర్చున్న సభలో ఒక రిటైర్డ్ కామర్స్ లెక్చరర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, ఈ పక్క వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

పోయిన నెల ఇదే హాలు మెట్ల దగ్గర ఒక అమ్మాయి నన్ను ఆపింది. మా కాలేజీలో చదువుకున్న పిల్లే. "మేడం, రెండు క్రెడిట్ కార్డులకు రోజూ ఫోన్లు వస్తున్నాయి. ఒకటి విమానం టికెట్లకు మైల్స్ ఇస్తుందట, ఇంకోటి క్యాష్‌బ్యాక్ ఇస్తుందట. ఏది తీసుకోమంటారు?" అని అడిగింది. "పోయిన ఏడాది ఎన్నిసార్లు విమానం ఎక్కావమ్మా?" అన్నాను. "ఒక్కసారే మేడం, అదీ ఆఫీసువాళ్లు తీసిన టికెట్" అంది. "మరి ఆన్‌లైన్లో నెలకు ఎంత కొంటావు?" అంటే కాసేపు ఆలోచించి, "తెలియదు మేడం" అంది.

ఆ "తెలియదు" అన్న మాట నన్ను నెల రోజులు వదల్లేదు. నెలకు నలభై వేలు సంపాదించే పిల్ల, బాగా చదువుకున్న పిల్ల. కార్డు గురించి ఫోన్ చేసే అబ్బాయి చెప్పినవన్నీ గుర్తున్నాయి. తన ఖర్చు మాత్రం తనకు తెలియదు. ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే.

పాతకాలంలో ఏ చిన్న అంగడాయన దగ్గరైనా చిట్టా, ఆవర్జా ఉండేవి. రోజు ఖర్చు చిట్టాలో పడుతుంది, అక్కడి నుంచి ఎవరి పద్దు కింద వాళ్లది ఆవర్జాలోకి పోతుంది. మా అత్తగారు ఐదో తరగతితోనే చదువు ఆపేసిన మనిషి. ఆమె కూడా క్యాలెండరు వెనక పాలు, కిరోసిన్, శెనక్కాయల నూనె అని విడివిడిగా గీతలు పెట్టి రాసేది. కార్డు ఎంచుకోవడానికి కావలసిన చదువు అంతే. పన్నెండు నెలల ఖర్చును పద్దుల కింద విడగొట్టుకోవాలి. ఇప్పుడు చేత్తో రాయనక్కర్లేదు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్లో యూపీఐ హిస్టరీ తీస్తే గంటన్నరలో అయిపోతుంది. పన్నెండు నెలలూ ఎందుకు అంటారా? మనకు ఖర్చు అన్ని నెలల్లో ఒకే తీరుగా ఉండదు. జూన్‌లో పిల్లల ఫీజులు, దసరా దీపావళికి బట్టలు, మార్చిలో ఇన్సూరెన్స్. మూడు నెలలు మాత్రమే చూస్తే లెక్క తప్పుతుంది.

మా పక్కింటి దంపతుల పద్దు వాళ్లను అడిగే తెచ్చాను. ఆయన టీచరు, ఆమె ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. కొడుకు బెంగళూరులో చదువుతున్నాడు. కార్డు చెల్లే అంగళ్లలో సరుకులు, మందులు, బట్టలు కలిపి నెలకు సగటున 10,000. ఆన్‌లైన్లో 6,000. పెట్రోలు 3,000. కరెంటు, ఫోను, ఇంటర్నెట్, గ్యాస్ కలిపి 3,500. బెంగళూరుకు పోయి రావడానికి రైలు టికెట్లు 2,000. పాలు, పూలు, కూరగాయలు, ఆటో ఇవన్నీ చేతి డబ్బు, లేకపోతే ఫోన్‌లో స్కాన్. అవి కార్డు లెక్కలోకి రావు. ఇన్సూరెన్స్ ప్రీమియం, కాలేజీ ఫీజు వేరుగా పెట్టాం, కారణం తర్వాత చెబుతాను.

వీళ్లకు ఆన్‌లైన్ కొనుగోళ్ల మీద 5 శాతం, మిగతా అంగళ్ల మీద 1 శాతం ఇచ్చే క్యాష్‌బ్యాక్ కార్డు ఉందనుకోండి. ఆన్‌లైన్ 6,000 మీద 300. అంగళ్ల 10,000 మీద 100. నెలకు 400, ఏడాదికి 4,800. పెట్రోలుకు, కరెంటు బిల్లుకు ఏమీ రాదనే అనుకుందాం, చాలా కార్డుల్లో అంతే. కార్డు ఫీజు 999 అంటారు. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉందని ఫోన్లో ఎవరూ చెప్పరు. కలిపితే 1,179. అది తీసేస్తే చేతికి వచ్చేది 3,621 రూపాయలు. ఒక నెల సరుకుల్లో మూడో వంతు పైమాట. చిన్న మొత్తమేమీ కాదు.

ఇప్పుడు వాళ్లకే ట్రావెల్ కార్డు ఇచ్చి చూద్దాం. ఫీజు 5,000, జీఎస్టీతో 5,900. నూటికి 2 పాయింట్లు. అంగళ్లు, ఆన్‌లైన్, రైలు కలిపితే ఏడాదికి 2,16,000 ఖర్చు, అంటే 4,320 పాయింట్లు. పాయింటుకు రూపాయి విలువ దొరికితే 4,320 రూపాయలు. ఫీజు కూడా రాలేదు. అదే పాయింటును గిఫ్ట్ వోచరుగానో, బిల్లులో తగ్గింపుగానో మార్చుకుంటే చాలా కార్డుల్లో పావలా, ముప్పావలా మధ్యలోనే పడుతుంది. పావలా లెక్కన 1,080 రూపాయలు. ఈ కార్డు ఫీజు మాత్రం వెనక్కి రావాలన్నా, ప్రతి పాయింటుకూ పూర్తి రూపాయి దొరికినా సరే, ఏడాదికి 2,95,000 ఖర్చు పెట్టాలి. లాభం మొదలయ్యేది ఆ తర్వాతే.

ఆ లెక్క చూసి మా పక్కింటాయన, "మరి ఎయిర్‌పోర్టులో లాంజ్ ఫ్రీ కదా" అన్నాడు. లాంజ్ మంచిదే, నేను కాదనను. ఒక పూట భోజనం, కాళ్లు చాపుకునే చోటు. కానీ మన ఊర్లో విమానాశ్రయం లేదు. కర్నూలువాళ్లకు 2021లో ఓర్వకల్లులో వచ్చింది, కడపవాళ్లకు వాళ్ల ఊర్లోనే ఉంది. మనం 44వ నంబరు హైవే పట్టుకుని దేవనహళ్లిలో ఉన్న బెంగళూరు విమానాశ్రయం దాకా పోవాలి. రెండేళ్లకు ఒకసారి పోయేవాళ్లకు లాంజ్ విలువ రెండు పూటల భోజనం. దానికి ఏటా 5,900 కడతామా? పైగా ఇప్పుడు చాలా బ్యాంకులు, అంతకు ముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే లాంజ్ అని షరతు పెట్టాయి. గేటు దాకా పోయి, కార్డు చెల్లదని చెబితే పిల్లల ముందు చిన్నబుచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు.

ట్రావెల్ కార్డు ఎవరికీ పనికిరాదని నేను అనడం లేదు. మన పిల్లలే, నెలకు రెండు మూడుసార్లు సొంత డబ్బుతో విమానంలో తిరిగేవాళ్లు ఉన్నారు. వ్యాపారం మీద ముంబై, సూరత్ పోయే ధర్మవరం పట్టు వ్యాపారులు ఉన్నారు. ఏడాదికి ఐదారు లక్షలు కార్డు మీద తిప్పి, పాయింట్లను ఎయిర్‌లైన్ మైల్స్‌గా మార్చి, టికెట్ ఎప్పుడు తక్కువ మైల్స్‌కు దొరుకుతుందో చూసే ఓపిక ఉన్నవాళ్లకు క్యాష్‌బ్యాక్ కంటే ఎక్కువే గిట్టుతుంది. ఓపిక అనే మాట గట్టిగా చెబుతున్నాను. క్యాష్‌బ్యాక్ తనంతట తనే బిల్లులో తగ్గుతుంది. పాయింట్లకు మనం కాపలా కాయాలి.

కాపలా కాయకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే జరిగింది. నా దగ్గర ఒక కార్డు ఉండేది, ఏ బ్యాంకుదో ఇప్పుడు అనవసరం. మా అమ్మాయి ఢిల్లీలో ఉద్యోగంలో చేరినప్పుడు, పాయింట్లు కూడబెట్టి విమానంలో పోయి దాని కొత్త ఇల్లు చూడాలని నేనూ, మా ఆయనా అనుకున్నాం. మూడేళ్లు కూడబెట్టాం. 14,200 పాయింట్లు అయ్యాయి. టికెట్ తీద్దామని కూర్చుంటే, పాత పాయింట్లలో సగానికి పైగా గడువు తీరి పోయాయి. మిగిలినవాటికి పాయింటుకు పావలానే. అంతా కలిసి ఉన్నా 3,550 రూపాయలే అయ్యేది. బ్యాంకు వెబ్‌సైట్‌లోనే టికెట్ తీయాలన్నారు, అదే విమానం బయట అంతకంటే తక్కువకు ఉంది. మార్చుకోవడానికి మళ్లీ ఒక ఫీజు, దాని మీద జీఎస్టీ. గడువు సంగతి షరతుల కాగితంలో రాసే ఉంది, అది నిజం. కానీ కార్డు ఇచ్చిన రోజు పాయింట్ల గురించి అరగంట చెప్పిన మనిషి గడువు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ రోజు నాకు డబ్బు పోయినందుకు కాదు, మూడేళ్లు ఆశ పెట్టుకున్నందుకు కడుపు మండింది. మేం చివరికి రైల్లో పోయాం, అది వేరే సంగతి.

రైలు అన్నాను కాబట్టి చెబుతాను. మన అనంతపురానికి అసలైన ట్రావెల్ కార్డు రైలు కార్డే అని నా అభిప్రాయం. కాచిగూడ నుంచి యశ్వంతపూర్ పోయే వందే భారత్ 2023 సెప్టెంబరు నుంచి మన స్టేషన్‌లో ఆగుతోంది. అంతా ఏసీ చెయిర్ కార్లే. ఐఆర్‌సీటీసీ పేరుతో వచ్చే కార్డుల్లో కొన్ని, ఏసీ తరగతుల టికెట్ల మీద 10 శాతం దాకా పాయింట్లు ఇస్తాయి. ఒక పాయింటు ఒక రూపాయి, మళ్లీ టికెట్‌కే వాడాలి. స్లీపర్ టికెట్‌కు ఆ 10 శాతం ఉండదు, ఇది గుర్తుపెట్టుకోండి. మా పక్కింటివాళ్లవి అన్నీ ఏసీ టికెట్లే అనుకుంటే, నెలకు 2,000 అంటే ఏడాదికి 24,000. దాని మీద 2,400 వస్తుంది. ఫీజు 500, జీఎస్టీతో 590 తీస్తే 1,810. బాగుంది కదా? కానీ ఆ పద్దెనిమిది వందల కోసం రెండో కార్డు, రెండో బిల్లు, రెండో డ్యూ డేట్. వాళ్ల క్యాష్‌బ్యాక్ కార్డు రైలు టికెట్లకు ఇవ్వకపోతే ఆలోచించవచ్చు, అది కూడా ఇస్తుంటే తేడా ఇంకా తగ్గిపోతుంది. వారం వారం ఏసీలో బెంగళూరు పోయి వచ్చే ఉద్యోగి అయితే వెంటనే తీసుకోమంటాను. నెలకు 5,000 టికెట్లయితే ఏడాదికి 6,000 పాయింట్లు, ఫీజు పోగా 5,410. అది ఆయన ప్రయాణానికి అతికినట్టు సరిపోయే కార్డు. ఈ షరతులు బ్యాంకులు మారుస్తుంటాయి, అప్లై చేసే రోజు మళ్లీ చూసుకోండి.

ఇప్పుడు ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెబుతాను. మనం వెయ్యి రూపాయలకు కార్డు గీస్తే అంగడాయనకు వెయ్యి ముట్టదు. నూటికి ఒకటిన్నర, రెండు రూపాయలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ పట్టుకుని మిగతాది ఇస్తారు. దాన్ని ఎండీఆర్ అంటారు. అందులోంచి మనకు ఒక ముక్క విదిలిస్తారు. అందుకే కొందరు అంగళ్లవాళ్లు "కార్డయితే రెండు శాతం ఎక్కువ" అంటారు. ధర్మవరంలో 30,000 పెట్టి పట్టుచీర తీసుకున్నారు, కార్డుకు 2 శాతం ఎక్కువ, అంటే 600 ఇచ్చారు. మీకు వచ్చే క్యాష్‌బ్యాక్ 1 శాతం, 300. అంటే చీరతో పాటు 300 నష్టం కొనుక్కొచ్చారు. అదే రొక్కం ఇస్తానంటే ఆయన వెయ్యి తగ్గించేవాడేమో, బేరం ఆడే మన అలవాటును కార్డు కోసం వదులుకోవద్దు.

రెండో దారి వడ్డీ. బిల్లు పూర్తిగా కట్టలేనివాళ్ల దగ్గర వచ్చే వడ్డీ, లేటు ఫీజులు. పూర్తిగా కట్టేవాళ్లకు అందే పాయింట్లలో కొంత, కట్టలేనివాళ్ల జేబులోంచి వచ్చిందే. ఈ సంగతి తెలిసిన తర్వాత నేను ఎవరికీ "కార్డు తీసుకో, మంచిది" అని ఊరికే చెప్పలేకపోతున్నాను.

ఆ వడ్డీ ఎంతో మన భాషలో చెబుతాను. మన పల్లెల్లో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు. మూడు రూపాయల వడ్డీ అంటే ఇంట్లో పెద్దవాళ్లు భయపడతారు, "ఆ అప్పు జోలికి పోవద్దప్పా" అంటారు. చాలా కార్డుల వడ్డీ మూడున్నర రూపాయలు. కొన్నింటికి మూడు ముప్పావు. ఏడాదికి 42 నుంచి 45 శాతం. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. ఊర్లో వడ్డీ వ్యాపారి దగ్గర తీసుకోని అప్పును, చల్లని ఏసీ గదిలో, ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టి తీసుకుంటున్నాం. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ కార్డు వడ్డీ 30 శాతం దాటకూడదని చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అంటే ఇప్పుడు ఆ అడ్డుకట్ట కూడా లేదు. మనకు మనమే అడ్డుకట్ట.

బిల్లు 40,000 వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో మినిమమ్ డ్యూ, అంటే ఈ నెల తప్పకుండా కట్టాల్సిన కనీస మొత్తం, 2,000 అని ఉంటుంది. చాలామంది అది కడితే ఈ నెల గండం గడిచిందనుకుంటారు. మిగిలిన 38,000 మీద మూడున్నర రూపాయల లెక్కన 1,330. జీఎస్టీతో 1,569. ఇది తక్కువలో తక్కువ లెక్క, నిజానికి కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఇంకో దెబ్బ, పాత బాకీ ఉన్నంత కాలం కొత్తగా కొన్నవాటికి కూడా ఆ ఇరవై నుంచి యాభై రోజుల వడ్డీలేని గడువు ఉండదు. ఈ రోజు కొంటే ఈ రోజు నుంచే వడ్డీ. మొత్తం 40,000 మీద 5 శాతం క్యాష్‌బ్యాక్ వచ్చిందనుకున్నా 2,000. ఒక నెల, నెలన్నరలో అది హరించుకుపోతుంది. మామూలు 1 శాతం కార్డయితే 400 వచ్చి 1,569 పోయింది.

అందుకే నా మాట ఒకటే. గడిచిన ఆరు నెలల్లో ఒక్కసారైనా మినిమమ్ డ్యూ మాత్రమే కట్టినవాళ్లు ఏ రివార్డు కార్డు మంచిదని నన్ను అడగొద్దు. ముందు ఆ బాకీ తీర్చండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి, రూపాయికి అటూ ఇటూ వడ్డీతో తెచ్చి ఈ మూడున్నర రూపాయల అప్పు కట్టేయండి. బంగారం కుదువ పెట్టడం అవమానం అనుకోవద్దు. మా తమ్ముడు అలాగే బయటపడ్డాడు, ఎనిమిది నెలల్లో గొలుసు ఇంటికి తెచ్చుకున్నాడు.

(సభలోంచి ఒకరు: మేడం, మాకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. అది కూడా ఇలాగేనా?)

మంచి ప్రశ్న అడిగారన్నా. పేరులో క్రెడిట్ కార్డు అని ఉంది కానీ అది పంట రుణం. 3 లక్షల దాకా 7 శాతం, గడువులోగా కట్టేస్తే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. నెలకు నూటికి పావలా, అర్ధ రూపాయి మధ్య. విత్తనాలకో, మోటారు రిపేరుకో షాపింగ్ కార్డు గీసి, ఇంట్లో కిసాన్ కార్డు లిమిట్ మిగిలే ఉంటే, అంతకంటే బాధాకరమైన పని ఇంకోటి లేదు. రెండింటినీ ఒకే జేబులో పెట్టినా ఒకే తీరుగా చూడొద్దు.

ఇందాక ఇన్సూరెన్స్, కాలేజీ ఫీజు వేరుగా పెట్టానన్నాను. చాలా కార్డులు పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్లో డబ్బు వేయడం, ఇన్సూరెన్స్, ప్రభుత్వానికి కట్టే పన్నులు వంటివాటికి పాయింట్లు ఇవ్వవు, ఇచ్చినా తగ్గించి ఇస్తాయి. కొన్ని ఫీజులకు, నగలకు కూడా ఇవ్వవు. అద్దె కార్డుతో కడితే పైన ఒక శాతం ఛార్జీ కూడా వేస్తాయి. మధ్యతరగతి ఇంట్లో పెద్ద ఖర్చులు అవే కదా! కార్డు ప్రకటనలో "అన్ని కొనుగోళ్ల మీద" అని ఉంటే, ఆ అన్నిటిలోంచి తీసేసినవి ఏవో చూడండి. ఆ జాబితాను మీ పద్దు పక్కన పెట్టుకుని కొట్టేసుకుంటూ రండి. మిగిలిన ఖర్చు మీదే కార్డు బేరీజు వేయాలి. నెలకు ఇంతకు మించి క్యాష్‌బ్యాక్ రాదు అనే గరిష్ఠ పరిమితి కూడా ఉంటుంది, అదీ చూడాలి.

ఇంకో వల ఉంది. "ఏడాదికి 2 లక్షలు ఖర్చు పెడితే ఫీజు మాఫీ." మార్చి వచ్చేసరికి 1,85,000 అయింది, ఇంకో 15,000 పెడితే 1,179 మిగులుతుందని ఇంట్లో మిక్సీ ఉండగానే కొత్త మిక్సీ, ఎయిర్ ఫ్రయ్యర్ తెచ్చినవాళ్లను చూశాను. ఆ ఖర్చు ఎలాగూ చేసేదే అయితే సరే. లేకపోతే ఫీజు కట్టేయండి, అదే చవక.

మన అంగళ్లలో ఎక్కువగా క్యూఆర్ కోడే కాబట్టి రూపే గురించి, అంటే వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి మన దేశపు కార్డు గురించి, రెండు మాటలు. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకోవచ్చు. సప్తగిరి సర్కిల్ దగ్గర టిఫిన్ సెంటర్లో కూడా స్కాన్ చేసి క్రెడిట్ కార్డుతో కట్టవచ్చు. వ్యాపారులకే చెల్లుతుంది, మన మనుషులకు పంపడానికి చెల్లదు. చిన్న చిన్న ఖర్చులన్నీ ఒక చోట పడి పాయింట్లు వచ్చే మాట నిజమే, అయితే యూపీఐ ఖర్చుకు ఎంత ఇస్తారనేది కార్డు కార్డుకూ మారుతుంది. నాకు భయం ఒకటుంది. సేవింగ్స్ ఖాతాలోంచి పోతే బ్యాలెన్సు తగ్గడం కనిపిస్తుంది, చేయి ఆగుతుంది. కార్డు కలిపాక అది కనిపించదు. యువతీ యువకులు ఈ ఒక్కటి గమనించుకోవాలి.

(ఒక గృహిణి: మేడం, మా పిల్లలు అమెరికాలో ఉన్నారు. వచ్చే వేసవికి పోతున్నాం. అక్కడ ఈ కార్డు వాడొచ్చా?)

వాడొచ్చమ్మా, కానీ లెక్క తెలుసుకుని వాడండి. మామూలు కార్డుల్లో విదేశీ కరెన్సీ ఖర్చు మీద 3.5 శాతం మార్కప్, అంటే బ్యాంకు పైన వేసుకునే ఛార్జీ, ఉంటుంది, జీఎస్టీతో 4.13. అక్కడ లక్ష రూపాయల ఖర్చు చేస్తే 4,130 అదనం. మామూలు 1 శాతం క్యాష్‌బ్యాక్ దాన్ని పూడ్చదు. మార్కప్ లేని కార్డులు, 2 శాతమే ఉన్న కార్డులు ఉన్నాయి, మీలాంటివాళ్లకు అది అడగాల్సిన మొదటి ప్రశ్న. అక్కడ అంగట్లో మిషన్ మీద "రూపాయల్లో కడతారా, డాలర్లలో కడతారా" అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లు తమకు తోచిన రేటు వేసుకుంటారు. అక్కడా ఇక్కడా ఎక్కడైనా సరే, ఈ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయొద్దు. తీసిన నిమిషం నుంచే వడ్డీ, పైన ఫీజు.

(ఇంకొకరు: జీతం స్లిప్పు లేనివాళ్లకు కార్డు ఇస్తారా?)

ఫిక్స్‌డ్ డిపాజిట్ పెట్టి దాని మీద తీసుకోవచ్చు. డిపాజిట్‌లో ఎక్కువ భాగం లిమిట్‌గా ఇస్తారు, డిపాజిట్ వడ్డీ డిపాజిట్‌కు వస్తూనే ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టే గృహిణులకు, చిన్న వ్యాపారులకు నేను ఇదే చెబుతాను. లిమిట్‌లో మూడో వంతు లోపల వాడుతూ సమయానికి కడితే సిబిల్ స్కోరు, అంటే అప్పులు కట్టే తీరుకు వేసే మార్కు, కూడా నిలబడుతుంది.

హక్కుల సంగతి చెప్పి ముగిస్తాను. ఇవి 2022లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లోవి. మీరు అడగకుండా కార్డు పంపకూడదు. కార్డు మూసేయమని అడిగితే, బాకీ లేకపోతే, ఏడు పనిదినాల్లో మూయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 మీకే ఇవ్వాలి. ఛార్జీలు మారిస్తే కనీసం నెల ముందు చెప్పాలి, అది మీకు నచ్చకపోతే కార్డు వదులుకోవచ్చు. అప్లికేషన్‌తో పాటు ముఖ్యమైన షరతులన్నీ ఒకే పేజీలో రాసి ఇవ్వాలి. ఫోన్ చేసిన అబ్బాయిని "ఆ ఒక్క పేజీ వాట్సాప్‌లో పంపు బాబూ" అని అడగండి. అతని మీద కోపం వద్దు, టార్గెట్లతో సతమతమయ్యే మన పిల్లాడే అతను కూడా. కానీ ఆ కాగితం రాకుండా ఓటీపీ మాత్రం చెప్పొద్దు. ఫిర్యాదుకు బ్యాంకు ముప్పై రోజుల్లో బదులివ్వకపోతే, లేదా ఇచ్చిన బదులు నచ్చకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, ఖర్చేమీ ఉండదు. సలహా కావాలంటే 14448కి ఫోన్ చేయొచ్చు.

మెట్ల దగ్గర అడిగిన అమ్మాయి ఈ రోజు కూడా వచ్చింది, మూడో వరసలో ఉంది. ఇందాక తన ఫోన్లో పద్దు చూపించింది. పన్నెండు నెలల్లో ఆన్‌లైన్ ఖర్చు 71,000, ఏసీ రైలు టికెట్లు రెండే రెండు, సొంత డబ్బుతో విమానం సున్నా. ఏ కార్డు తీసుకోవాలో నేను చెప్పలేదు, తనే చెప్పింది.

ఈ బల్ల మీద గీతలు కొట్టిన కాగితాలు పెట్టాను. ఎడమ పక్క పద్దు పేరు, కుడి పక్క పన్నెండు నెలలు. తలా ఒకటి తీసుకోండి. ఎవరి దగ్గరైనా పోయిన నెల కార్డు స్టేట్‌మెంట్ ఉంటే ఇటు రండి, మినిమమ్ డ్యూ ఎక్కడ రాశారో, వడ్డీ ఎంత రాశారో పక్కన కూర్చుని కలిసి చూద్దాం. హాలు ఎనిమిదింటి దాకా మనదే.